ఆపరేషన్ స్ఫటిక భరిణె

ఫొటోగ్రాఫరు చనిపోయే ముందు కాలి పిక్క గోక్కున్నాడు.

మ్యూజియం వరండా పొడవైనది. ఒక పక్క తలలు పోయిన శిలామూర్తులు, మరో పక్క తలలు వంచుకుని పలకలు చదివే సందర్శకులు. ఆ రెండు వరుసల నడుమ పురావస్తు శాఖ ఫొటోగ్రాఫరు మెడలో కెమెరాతో వేగంగా నడుస్తున్నాడు. ఎదురుగా గొడుగు చేతపట్టిన పెద్దమనిషి ఒకడు వచ్చాడు. భుజానికి భుజం తగిలింది. “క్షమించాలి” అన్నాడు పెద్దమనిషి, ఎంతో మర్యాదగా. పిక్కలో చీమ కుట్టినట్టయింది. ఫొటోగ్రాఫరు వంగాడు. మళ్ళీ లేవలేదు.

పరుగున వచ్చిన కాపలాదారు అతని తలను ఒడిలోకి తీసుకున్నాడు. నీలిపడుతున్న పెదవుల మీద ఒక్క మాట ఆడింది.

“లోపలి మనిషే...”

ఆ తరువాత చూస్తే గొడుగు లేదు, గొడుగు మనిషి లేడు, కెమెరాలో మెమరీ కార్డు లేదు. బయట చినుకు కూడా లేదు.

*

నగరం నడిబొడ్డున ఒక పాత మేడ పై అంతస్తులో పళ్ళ ఆసుపత్రి ఉంది. అక్కడ నిజంగా పన్ను పీకించుకున్నవాళ్ళు తక్కువ. రహస్య విభాగం అధిపతి తన ఏజెంట్లకు బ్రీఫింగ్ ఇచ్చేది ఆ కుర్చీలోనే. ఏజెంటు వెల్లకిలా పడుకోవాలి, నోరు తెరవాలి, నోట్లో చిన్న అద్దం పెట్టించుకోవాలి. కిటికీలోంచి చూసేవాడికి అనుమానం రాదు. కుర్చీలో పడుకున్నవాడికి ప్రశ్న రాదు. విభాగమంతా పెద్దాయన అని పిలిచే ఆ అధిపతికి ఈ రెండో సౌకర్యం మరీ ఇష్టం.

ఆ రోజు కుర్చీలో ఉన్నవాడు కొంగ. పొడుగు మనిషి, సన్నటి మెడ, ఎంతసేపైనా కదలకుండా కాచుకునే ఓర్పు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, అసలు పేరు విభాగంలో అందరూ మరిచిపోయారు. ఒక్కోసారి అతడూ మరిచిపోతాడు.

“కొండ మీది ఆరామం తెలుసుగా?” అన్నాడు పెద్దాయన.

“ఆఁ.”

“అక్కడి స్తూప గర్భంలో స్ఫటిక భరిణె దొరికింది. అందులో తథాగతుడి అస్థి ధాతువు. మట్టిలో ఉన్నన్నాళ్ళు భద్రంగా ఉంది, మన చేతికొచ్చాక భద్రత పోయింది. ఆదివారం ఉదయం మొట్టమొదటిసారి జనానికి చూపిస్తున్నారు. కొండ నిండా యాత్రికులు. వాళ్ళతో పాటు అత్తరు దొర.”

కొంగ కనుబొమలు లేచాయి. అత్తరు దొర అడుగుపెట్టిన ప్రాచీన ఆరామాల్లో పీఠాలు మిగులుతాయి గానీ ప్రతిమలు మిగలవు. దేశదేశాల దేవుళ్ళను మూటగట్టి అమ్మిన ముఠాకు అతడు నాయకుడు. అతడు వచ్చిన సంగతి ముక్కుకు ముందు తెలుస్తుంది, కంటికి తరువాత.

“ఈసారి విదేశీ దాతల కమిటీ అధ్యక్షుడి వేషం. భరిణెను ఉంచడానికి ఖరీదైన ప్రదర్శన పీఠం కూడా విరాళమిచ్చాడు. అసలు భరిణె పోతుంది, నకిలీ మిగులుతుంది. అదీ ప్లాను. చేయించేది దొర, చేసేది మాత్రం లోపలి మనిషి. వాణ్ణి పట్టుకో. భరిణె దేశం దాటకూడదు. దొర సెక్రటరీ మన డబుల్ ఏజెంటు, కోడ్ నేమ్ సీతాకోక. నీ వేషం, మౌనవ్రతంలో ఉన్న పరదేశి భిక్షువు. భిక్షాపాత్ర అడుగున ట్రాన్స్‌మిటర్ ఉంది, జపమాల పెద్ద పూసలో కెమెరా ఉంది. పాత్రలో అన్నం పెట్టించుకోకు, సిగ్నల్ పోతుంది.”

పెద్దాయన అద్దం బయటికి తీశాడు. ప్రశ్న అడిగించుకోవడానికి కాదు; జవాబు రాబట్టడానికి.

“అక్కడ ప్రధాన సంరక్షకుడు మీ బావ. నీ ఉద్యోగం సంగతి విభాగం బయట తెలిసింది ఆయనొక్కడికే. ఆ మినహాయింపు నేనే ఇచ్చాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఆయన మీద నమ్మకమేనా?”

“సార్, అమ్మా నాన్నా పోయాక నన్ను భుజాన మోసినవాడు మా బావ. బడిలో చేర్పించిందీ ఆయనే, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ ఆయనే. ఆయన్ని అనుమానించాలంటే ముందు నన్ను అనుమానించండి.”

“అనుమానించాను. నువ్వు పాసయ్యావు” అన్నాడు పెద్దాయన చేతులు కడుక్కుంటూ. “అన్నట్టు, కింది వరసలో ఒక పన్ను పుచ్చింది. అది మాత్రం నిజంగానే.”

*

కొండ కింద మ్యూజియం క్వార్టర్లు. తలుపు తీసిన అక్క తమ్ముడి నున్నటి గుండును చూసి గరిటె జారవిడిచింది.

“ఒరేయ్! ఈ గుండేమిట్రా? పేలు పట్టాయా, అప్పులు పట్టాయా?”

“ఎండలక్కా.”

“ఎండలకు గొడుగు కొనుక్కుంటారు గానీ గుండు కొట్టించుకుంటారా? మంటలార్పే సిలిండర్లు అమ్ముకునేవాడివి, ఈ గుండేసుకుని వెళితే ఎవరు కొంటారు నీ దగ్గర?”

తమ్ముడు ఊరూరా తిరిగి అగ్నిమాపక పరికరాలు అమ్ముతాడని అక్క నమ్మకం. ఆ నమ్మకానికి ఇన్నేళ్ళుగా నీళ్ళు పోసి పెంచినవాళ్ళు ఇద్దరు: తమ్ముడూ, మొగుడూ.

“పోనీలేవే” అన్నాడు బావ పడక్కుర్చీలోంచి. “వాడి తలలో ఏముందో ఇన్నాళ్ళూ జుట్టు కప్పేసింది. ఇప్పుడు తెలిసిపోయింది, ఏమీ లేదని.”

“నీ తలలో ఉన్నది కూడా జుట్టుతో పాటే రాలిపోతోంది గదా బావా. నాది అప్పు తీర్చినట్టు ఒక్కసారి పోయింది, నీది వాయిదాల మీద పోతోంది.”

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులో కొంగకు ఇల్లు దొరికింది. ఏ దేశంలో ఏ మారుపేరుతో పడుకున్నా అతడు కళ్ళు మూసుకుంటే కనిపించే ఇల్లు ఇదే: వార్నిషు వాసన వేసే బావ చేతులు, వంటింటిలోంచి వినిపించే అక్క సణుగుడు, మధ్యలో తాను.

భోజనాల దగ్గర బావ ఎప్పటి పాటే పాడాడు. ల్యాబు కప్పు కారుతోంది. అర్జీలు పెట్టి పెట్టి చెయ్యి అరిగింది. వానొస్తే భరిణె ఉన్న బీరువా పక్కన బకెట్ పెట్టుకుని తాను మేలుకుంటాడు. “లోకానికి శాంతి చెప్పినవాడి ఎముకరా అది. దానికి ఒక పొడి గది లేదు ఈ దేశంలో.”

“మీ దేవుడికి కారే కప్పు మీద వంద అర్జీలు” అంది అక్క వడ్డిస్తూ. “మన వంటింట్లో కారే కొళాయి మీద మాత్రం ఒక్కటీ లేదు.”

అక్క లోపలికి వెళ్ళగానే బావ గొంతు తగ్గించాడు. “దొర సెక్రటరీ ఉంది చూశావూ, ఆవిడ మీద కన్నేసి ఉంచు. ఫొటోగ్రాఫరుతో చివరగా మాట్లాడింది ఆవిడే. నాకు మంచి మనిషిలా అనిపించలేదు.”

ఆమె మనవైపు మనిషేనని బావకు చెప్పే అధికారం కొంగకు లేదు. తల ఊపాడు. కానీ ఆ మాట చెవిలోంచి గుండెలోకి దిగి, అక్కడ ముల్లులా కూర్చుంది.

*

మర్నాడు ల్యాబులో బావ పనికి భిక్షువు వేషంలో కొంగ సాక్షిగా నిలబడ్డాడు. భరిణె ఉన్న లోపలి గది గడప దగ్గర బావ చెప్పులు విడిచాడు. గచ్చు మంచులా ఉంది, మడమలు పగిలి ఉన్నాయి, అయినా విడిచాడు. వెనకే వచ్చిన విలేకరి ఒకడు బూట్లతో అడుగు లోపల పెట్టబోతే, మెత్తని బావ గొంతు కత్తిలా మారింది. “బయట! బయట విడిచి రండి. మీరు చూడబోయేది షోకేసులో బొమ్మ కాదు.” భరిణెను రెండు చేతులతో ఎత్తి, నుదుటికి తాకించి, గుండెకు దిగువకు రానివ్వకుండా బల్ల మీద ఉంచాడు. అరచేతిలో ఇమిడే చిన్న స్తూపంలా ఉంది అది. లోపల వెలుగు నిలిచిపోయినట్టుంది.

సాయంత్రం శిథిల చైత్యం వెనక, ఎండలో కాగిన ఇటుకల మధ్య, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న యువతి ఎదురైంది. పట్టు దుస్తులు, పలుచని నవ్వు, చేతిలో దుమ్ము సోకని హ్యాండ్‌బ్యాగు. పక్కనున్న యాత్రికులు శిల్పాలను మరిచి ఆమెను చూశారు. ఆ కొండ మీద ఎవరికీ కనబడకుండా ఉండటానికి ఆమె ఎంచుకున్న పద్ధతి, అందరికీ కనబడటం.

“స్వామీ, పైకి మెట్లు ఎన్ని?” అంది.

“ఎక్కేవాడికి ఎక్కువ. దిగేవాడికి తక్కువ.”

కోడ్ కుదిరింది. సీతాకోక గొంతులో నవ్వు మాయమైంది.

“దొర మరీ నిశ్చింతగా ఉన్నాడు. దొంగతనం చేయబోయేవాడికి అంత నిశ్చింత ఉండదు. లోపలి మనిషి ఎవరో నాకు చెప్పడు. కానీ మీ బావ మాట వస్తే మాత్రం గొంతు తగ్గిస్తాడు.”

“నోరు జాగ్రత్త.”

“కోపం తెచ్చుకోకు. విన్నది చెప్పాను.”

“విన్నది ఇటు చెబుతావు, చూసింది అటు చెబుతావు. గోడ మీద పిల్లికి ఏ ఇంటి పాలైనా ఒకటే.”

ఆమె కళ్ళద్దాలు తీసి అతణ్ణి సూటిగా చూసింది. కళ్ళ కింద నిద్రలేని నలుపు. “గోడ మీద ఉన్నది నేను కాదు. మీరు నన్ను అక్కడ ఎక్కించి, నిచ్చెన తీసేశారు” అని వెళ్ళిపోయింది.

*

ఆదివారం. కొండ మెట్ల నిండా తెల్లని దుస్తులు, చేతుల నిండా పూలు, గాలి నిండా స్తోత్రం. భిక్షువుల వరసలో చేరబోతున్న కొంగను బావ పక్కకు లాగాడు.

“ఆవిడ కారు డిక్కీలో గొడుగు ఉందిరా. కర్ర కొసన సూది. ఇందాక డ్రైవరు సామాను దించుతుంటే నా కళ్ళబడింది.”

కొంగ వెళ్ళి చూశాడు. గొడుగు ఉంది. సూది ఉంది. మొన్నటి ముల్లు లోపల పూర్తిగా దిగింది. విరిగిన శిల్పాలు దాచే స్టోర్ రూములో, ఇనుప అలమరకు సీతాకోక చేతిని సంకెళ్ళతో బిగించాడు.

“ఇంత సులువుగా దొరికే సాక్ష్యం నేను దాచుకుంటానా? నన్ను అందంగా ఉన్నానన్నారు గానీ తెలివితక్కువదాన్నని ఎవరూ అనలేదే!” అంది ఆమె. అతడు తలుపు వైపు నడిచాడు. తలుపు మూసే ముందు ఆమె మాట వెంట వచ్చింది. “చేపను వదిలేసి నీళ్ళను పట్టుకున్నావు, కొంగా.”

కొంగ వరండాలోంచి చూస్తుండగా, ల్యాబు నుంచి బావ భరిణెను తెచ్చి, సభామందిరం వేదిక మీద దొర ఇచ్చిన పీఠంపై ఉంచి వచ్చేశాడు. జనం చేతులు జోడించారు. ముందు వరసలో స్తోత్రం చదివే ఆడవాళ్ళకు అక్క గొంతు కలిపింది. అంతా సవ్యంగానే ఉంది. మిషన్ ముగిసినట్టే ఉంది.

వరండా కిటికీ పక్కగా వేదిక వైపు నడుస్తున్న కొంగ యథాలాపంగా పెరట్లోకి చూశాడు.

దాతల కమిటీ వ్యాను ఇంజను ఆడుతోంది. దానికి కొంచెం దూరంలో బావ ఒక్కడే. ముందు తన పనిముట్ల పెట్టె: సుత్తులు, ఉలులు, బ్రష్షులు దాచుకునే పాత ఇనుప పెట్టె. ఇన్నేళ్ళలో ఆ పెట్టెను బావ కాలితో జరపడం, దాని మీద కూర్చుని టీ తాగడం కొంగ ఎన్నోసార్లు చూశాడు.

బావ అటూ ఇటూ చూశాడు. చెప్పులు విడిచాడు. వంగి, రెండు చేతులతో పెట్టెను ఎత్తి, నుదుటి దాకా తెచ్చి, ఉలిక్కిపడి గుండెకు దించుకున్నాడు.

ఎండకు కాలుతున్న కంకర మీద పగిలిన మడమలు ఒక్కొక్క అడుగే వేస్తున్నాయి. ఆ దృశ్యం కొంగ కళ్ళ ముందు నిలిచిపోయింది. దాని వెనకే ఉదయపు దృశ్యం తోసుకొచ్చింది. ఇందాక ల్యాబు గదిలోంచి భరిణెను తెచ్చేటప్పుడు బావ కాళ్ళకు చెప్పులు ఉన్నాయి. మందిరం గడప దాకా ఉన్నాయి. చూశాడు. చూసి కూడా చూడలేదు. మనవాళ్ళను మనం చూడం, నమ్ముతాం.

*

“పెట్టె దించు బావా.”

బావ తిరిగి చూసి నవ్వాడు. “కొంగ జపం మానేసి ఇక్కడేం చేస్తున్నావురా? అక్కడ నీకోసం...”

“చెప్పులేవి?”

బావ తన పాదాల వంక చూసుకున్నాడు. ఇంకెవరి పాదాలనో చూసినట్టు చూసుకున్నాడు. నవ్వు ముఖం మీదనే ఉండిపోయింది, దాని అడుగున మనిషి లేడు.

“అసలుది దీనిలో ఉంది. వేదిక మీద ఉన్నది నీ చేతిపని” అన్నాడు కొంగ. ప్రశ్నలా అనబోయాడు. గొంతు అలా పలకలేదు.

“ఏడాది పట్టిందిరా. గాజులో ఆ నలుసు, ఆ మసక, ఆ బీట... పక్కపక్కన పెడితే నాకే గుబులేసింది.” బావ కళ్ళలో ఒక్క క్షణం గర్వం మెరిసి, సిగ్గుపడి ఆరిపోయింది. “డబ్బు కోసం కాదు, మీ అక్క మీద ఒట్టు. అక్కడ దీనికి తేమ తగలని గది కట్టించారు. ఫొటోలు చూపించారు. ఇక్కడ బకెట్ కింద నానిపోతుంటే చూస్తూ ఊరుకోమంటావా? నేను దీన్ని అమ్మలేదు, కాపాడాను.”

“నాకు చెప్పొచ్చుగా.”

“నీకు చెబితే నీ ఉద్యోగం చేస్తావు.”

“నీ మీద నేను హామీ ఇచ్చాను బావా. నా మాట నీకు అడ్డుగోడ అయింది. ఫొటోగ్రాఫరు పోయాడు. నువ్వు ఆ గోడ చాటునే కూర్చుని గాజు రుద్దుకుంటున్నావు.”

“అది ఆ సెక్రటరీ పని! దొర నాకు చెప్పాడు...” బావ మాట మధ్యలో ఆగింది. తన నోట్లోంచి వచ్చిన మాట తన చెవికే అబద్ధంలా వినిపించినట్టుంది.

కొంగ ఒక్క అడుగు ముందుకు వేశాడు. “ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు ఆ గాజును పరీక్ష చేస్తారు. నీకు ఆ భయం లేదా?”

“పరీక్షకు రాదు అన్నారు. ఎప్పటికీ రాదు, నేను చూసుకుంటాను అన్నాడు దొర.”

“ఎలా రాకుండా ఉంటుంది?”

బావ పెట్టెను గుండెకు మరింత అదుముకున్నాడు.

“ఫొటోగ్రాఫరు చివరగా దేన్ని తీశాడు?”

“పీఠాన్ని. అన్ని వైపులా, బోర్లించి అడుగు కూడా. రికార్డు కోసం.” బావ మందిరం వైపు చూశాడు. “అడుగున ఏముంది, స్ప్రింగు. అదురు తగలకుండా అన్నారు. రవాణా బిగింపు స్క్రూ ఒకటి ఉంటే, భరిణె పెట్టగానే వదులు చేయమన్నారు. చేశాను.”

పెట్టినప్పుడు బరువు స్ప్రింగును నొక్కుతుంది. ఎత్తినప్పుడు స్ప్రింగు లేస్తుంది. పరీక్షకు రానివి లోకంలో ఒక్కటే రకం: బూడిదైనవి. నకిలీ కాలిపోతే అసలు కోసం ఎవరూ వెతకరు.

“పెద్ద భిక్షువు భరిణెను ఎప్పుడు పైకెత్తి చూపిస్తారు?”

“స్తోత్రం అయిపోగానే.”

మందిరంలోంచి స్తోత్రం ఆఖరి చరణం వినిపిస్తోంది. ఆ గొంతుల్లో అక్క గొంతు ఉంది.

భిక్షాపాత్రలోని ట్రాన్స్‌మిటర్‌ను కొంగ నొక్కాడు. మందిరం లౌడ్‌స్పీకర్ల హోరే తిరిగి వినిపించింది. ఒక పక్క ఇంజను ఆడుతున్న వ్యాను, దాని ముందు భరిణెతో బావ. మరో పక్క అక్క, జనం. భరిణె దేశం దాటకూడదన్న ఆజ్ఞ ఒక వైపు, కాళ్ళు ఒక వైపు లాగాయి. కొంగ ఆజ్ఞను పెరట్లో వదిలి, భరిణెను దొంగిలించిన మనిషి చేతుల్లోనే వదిలి, పరుగెత్తాడు.

*

చరణం ముగిసింది. పెద్ద భిక్షువు లేచాడు. ముసలి వేళ్ళు భరిణె చుట్టూ పూరేకుల్లా ముడుచుకున్నాయి. ఆ వేళ్ళ మీద రెండు పొడుగాటి చేతులు వచ్చి పడి, భరిణెను పీఠానికి అదిమిపెట్టాయి.

జనం “హా” అన్నారు. అపచారం! మౌనవ్రతం పట్టిన పరదేశి భిక్షువు రొప్పుతూ వేదిక మీద ఉన్నాడు.

“నాయనా, ఎందుకు అదుముతున్నావు?” పెద్ద భిక్షువు మెల్లగా అడిగాడు.

“భంతే, కింద బాంబు ఉంది. ఎత్తితే పేలుతుంది.”

ముసలాయన కళ్ళు ఒకసారి మూసి తెరిచాడు. తన వేళ్ళను ఒక్కొక్కటే బయటికి తీసుకుని మైకు అందుకున్నాడు. “భక్తులారా, తొందర లేకుండా లేవండి. బయట స్తూపానికి ప్రదక్షిణం చేయండి. వెనుక వరసవారు ముందు.” ఆ గొంతులో ఒక్క అల కదలలేదు. జనం చేతులు జోడించి, తోపులాట లేకుండా, తాము తప్పించుకుంటున్నామని తెలియకుండానే బయటికి నడిచారు.

ముందు వరస ఆఖరున మిగిలింది. అందులోంచి ఒక గొంతు లేచింది.

“ఒరేయ్ తమ్ముడూ!”

కొంగ కళ్ళు మూసుకున్నాడు. అక్క వేదిక ఎక్కేసింది. కళ్ళ నిండా నీళ్ళు.

“సంఘంలో ఎప్పుడు కలిశావురా? నాకు చెప్పకుండా! ఎండలట, ఎండలు!”

“అక్కా, దణ్ణం పెడతాను, బయటికి వెళ్ళు.”

“ఇకమీదట దణ్ణం పెట్టాల్సింది నేను కదరా!”

“నేను భిక్షువును కాను. సిలిండర్లు అమ్మను. పోలీసువాణ్ణి అనుకో. దీని కింద బాంబు ఉంది. వెళ్ళు!”

అక్క అతని నరాలు తేలిన ముంజేతులను చూసింది. ఒంటి మీది కాషాయ చీవరాన్ని చూసింది. నమ్మాల్సిన మాట ఏదో తేల్చుకోలేక, కదలకుండా నిలబడిపోయింది. “నిన్నిక్కడ వదిలి ఎక్కడికి పోనురా?” అంది చివరికి, కోపంగా.

అప్పుడు తలుపు దగ్గర నీడ పడింది.

బావ వస్తున్నాడు. నెత్తి మీద ఇనుప పెట్టె, కాళ్ళకు దుమ్ము, మడమల వెంట నెత్తురు చారలు. వ్యాను ఎక్కలేదు. పెట్టెను పెద్ద భిక్షువు చేతుల్లో పెట్టి, “భంతే, అసలుది ఇదీ. తీసుకెళ్ళండి” అన్నాడు. భార్య వంక చూడలేదు. నేరుగా పీఠం దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“రవాణా స్క్రూ మళ్ళీ బిగిస్తే స్ప్రింగు లేవదురా. నా చేత్తో వదులు చేశాను, అదెక్కడుందో నాకు తెలుసు. నన్ను అడుగున చెయ్యి పెట్టనివ్వు.”

కొంగ భుజాలు కాలిపోతున్నాయి. చెమట గాజు మీద జారుతోంది. బాంబు నిపుణులు రావాలంటే కొండ ఎక్కాలి. తన వేళ్ళు అంతసేపు ఓర్చవు. కింద చెయ్యి పెట్టబోతున్నది తనను మోసిన చెయ్యి. తనను మోసగించిన చెయ్యి. రెండూ ఒకటే చెయ్యి.

“నిన్ను ఇక నమ్మను బావా.”

“నమ్మొద్దు.”

“అక్క ఇక్కడుంది. దాన్ని మాత్రం చంపవు. ఆ ఒక్కదాన్ని నమ్ముతున్నాను. పెట్టు.”

బావ బోర్లా పడుకుని పీఠం కిందికి చేతిని జొనిపాడు. జేబులోంచి తీసిన చిన్న స్క్రూడ్రైవరు లోహాన్ని తాకి కిర్రుమంది. తిరిగింది. జారింది. మళ్ళీ పట్టుకుంది. కొంగ చూపుడువేలు చెమటకు గాజు మీద నుంచి జారిపోయింది. భరిణె ఒక వైపు లేవబోయింది. లోపల ఏదో ‘టిక్’మంది.

అక్క తమ్ముడి చీవరం అంచును పట్టుకుంది.

“బిగిసింది” అన్నాడు బావ, నేలను చూస్తూ. “అది స్క్రూ చప్పుడు.”

కొంగ చేతులు తీశాడు. స్ప్రింగు లేవలేదు. గాజు భరిణె పీఠం మీద అలాగే కూర్చుంది, అసలుదానికంటే అమాయకంగా.

అక్క నెమ్మదిగా కిందికి వంగి భర్త ముఖంలోకి చూసింది. “మీ చేత్తోనే వదులు చేశారా? ఎందుకండీ?”

ఆయన స్క్రూడ్రైవరును పీఠం పక్కన పెట్టాడు. లేచి, రెండు చేతులూ జోడించినట్టుగా బావమరిది ముందుకు చాపాడు. కొంగ నడుం తడుముకున్నాడు. సంకెళ్ళు లేవు.

అవి కొండ కింది గేటు దగ్గర ఉన్నాయి. అలమర చువ్వను ఊడబెరికి, చేతి సంకెలను తలపిన్నుతో విప్పుకుని బయటపడిన సీతాకోక, కారెక్కబోతున్న అత్తరు దొర ముంజేతికి వాటిని తగిలించి, రెండో కొసను గేటు ఊచకు బిగించి, బానెట్ మీద కూర్చుని కొంగ కోసం ఎదురుచూస్తోంది. కొంగ వచ్చేసరికి గోళ్ళ రంగు పెచ్చులూడిందని చూసుకుంటోంది.

“నీ సంకెళ్ళు. మనిషితో సహా తిరిగి ఇస్తున్నాను. నా డిక్కీలో గొడుగు పెట్టించింది కూడా ఇతగాడే.”

“క్షమించు” అన్నాడు కొంగ.

“ఆ మాట దాచుకో, ఇంట్లో అవసరముంటుంది” అంది ఆమె. కళ్ళద్దాలు పెట్టుకుంది. అత్తరు వాసన మధ్యలోంచి, ఎవరికీ చెందనిదానిలా నడిచి వెళ్ళిపోయింది.

*

అసలు భరిణె మళ్ళీ బీరువాలోకి చేరింది. పీఠాన్ని నిపుణులు విప్పి తీసుకెళ్ళారు. ల్యాబు కప్పుకు మరమ్మతు మంజూరైంది. పని మొదలు కాలేదు.

అక్క మూడు పూటలు మాట్లాడలేదు. నాలుగో పూట క్యారియర్ సర్ది, తమ్ముడి చేతికిచ్చింది.

“ఆయన నాకు ఏడాది అబద్ధం ఆడాడు. నువ్వు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆడావు. లెక్కకు నువ్వే పెద్ద దొంగవి. వెళ్ళి ఇచ్చి రా.”

“నా ముఖం చూడడక్కా.”

“ముఖం ఎవడికి కావాలి? అన్నం తింటాడో లేదో చూసి రా.”

జైలు గేటు దగ్గర వార్డరు క్యారియర్ గిన్నెలు విప్పి చూసి, మళ్ళీ మూతలు పెట్టాడు. “ఖైదీకి ఏమవుతారు?”

కొంగ తన దగ్గరున్న వేషాలన్నీ తడిమి చూసుకున్నాడు. వర్తకుడు, విలేకరి, డాక్టరు, భిక్షువు. ఏ ఒక్కటీ ఈ ప్రశ్నకు సరిపోలేదు.

“బావమరిదిని.”

“అయ్యో పాపం!” వార్డరు జాలిగా నాలుక చప్పరించాడు. “లోపలాయన నోరు విప్పట్లేదు గానీ, సొంతవాళ్ళే పట్టించారటండీ. అలాంటి చుట్టాలు పగవాడిక్కూడా వద్దు.”

“నిజమేనండీ” అన్నాడు కొంగ, చల్లారకముందే క్యారియర్ ముందుకు జరుపుతూ. “కానీ అన్నం మోసుకొచ్చేది కూడా మళ్ళీ వాళ్ళే.”